షో

రాత్రి పదకొండున్నరకి ఏజెన్సీ కాపీలో
షోడౌన్ అని వచ్చింది.
ఏదో యూనియన్, ఏదో యాజమాన్యం,
పొద్దున పదింటికి ఆఖరుసారి చర్చలు.
సింగిల్ కాలమ్. లైనుకి తొమ్మిది అక్షరాలు.

భావనారాయణగారు స్క్రీను మీంచి చూపు తిప్పకుండా
"అమీతుమీ" అన్నారు.
నేనూ నువ్వూ అని అర్థమట,
బెజవాడ జంక్షన్లో ఏ బెంగాలీ రైలు దిగిందో ఆ మాట.
జరీనా "తాడోపేడో" అంది.
నిఘంటువులో "అంతిమ సంఘర్షణ" ఉంది.
అది ఎవరూ ఎవరితోనూ ఎప్పుడూ అనని మాట.

నాకు మాత్రం మొదటి సగమే వినపడుతోంది.

గవర్నరుపేటలో లాడ్జి వెనక మేడ మీద
పదమూడు ముక్కలాట.
మా నాన్న ముక్కల్ని ఛాతీకి ఆనించి పట్టుకునేవాడు
జ్వరమొచ్చిన పిల్లని పట్టుకున్నట్టు.
మమ్మల్ని అలా ఎత్తుకున్న గుర్తు లేదు.

జూన్ నెల, బడి ఫీజుల వారం.
అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏలూరు కాలవ దాటించింది.
ఏం అనాలో దారంతా లోపల్లోపల అనుకుంటూనే ఉంది,
పెదాలు కదులుతున్నాయి.
మెట్లెక్కాక ఆ మాటలన్నీ ఎక్కడ పోయాయో.
సిగరెట్ పొగ. తలెత్తని ఐదుగురు.
ఫ్యాను గాలికి లేవకుండా
నోట్ల మీద పెట్టిన అగ్గిపెట్టె.

బియ్యం సంచిలోంచి రేషన్ కార్డు తీసి
జోకరు పక్కన, పేర్లు పైకి కనపడేలా పరిచింది.
కుటుంబ యజమాని: ఆయన.
కింద అమ్మ. కింద తమ్ముడు.
పెద్దదాన్నైనా ఆఖర్న నేను,
పేరులో ఒక అక్షరం తప్పు.

"షో" అనలేదు అమ్మ. ఆ మాట ఆమెకి తెలీదు.
ఎవరో నవ్వబోయి దగ్గాడు.
నాన్న చాలాసేపు చూశాడు, చూసి
ఆ ఆట పూర్తి చేశాడు.
నలభై పాయింట్లు పోయాయి.
మా వెనకే మెట్లు దిగొచ్చాడు,
ఆ నెల దాటాక మళ్లీ ఎక్కాడు.
ఇంట్లో మాత్రం ఆ కార్డు ఎక్కడ కనపడ్డా
మడిచి, బోర్లా పెట్టేవాడు.

"ఏమ్మా, పేజీ వెళ్లాలి."

నేడు అమీతుమీ, అని కొట్టాను.
ఇరుకు లేకుండా సరిపోయింది.
పదింటికి బల్లకి అటూ ఇటూ కూర్చుంటారు.
ఎవరి సంచిలో ఏముందో.