నలభై మూడు వేలిముద్రలు

ప్రాణహిత పొంగి వాగును ఎనక్కి తన్నిన వారం.
పడవ ముసలాయన నీళ్ళ దిక్కు చూసిండు,
నా దిక్కు చూసిండు,
బీడీ ముట్టించిండు.
అవతల బోరగూడెం, నలభై మూడు ఇండ్లు.
ఇవతల సిరోంచ లాడ్జిల నేను,
నలభై మూడు ఖాళీ ఫారాలు,
ఊదారంగు స్టాంపు ప్యాడు.
శనివారం లోపల నాగ్‌పూర్‌ల ఉండాలె అని సబ్నీస్ మేడం ఫోను.
ఫారానికి అరవై రూపాయలు.

పేర్లు దొరుకుడు కష్టం కాలే.
సచ్చిపోయిన మా నాయనమ్మను లేపి
యాభై రెండేండ్ల వయసిచ్చిన.
మరాఠీ బడిల నన్ను ఎక్కిరించిన పోరగాండ్లకు
మాడియా ఇంటిపేర్లు తగిలించి
పెండ్లిళ్ళు చేసిన, పిల్లల్ని పుట్టిచ్చిన.
సమ్మతి గడి కాడ
పది వేళ్ళను పది మందిని చేసిన.
పదకొండో మనిషికి బొటనవేలిని అడ్డం తిప్పిన.
ఇరవై దాటినంక కాళ్ళు కడుక్కొని వచ్చిన.
నవ్వకుండ్రి,
కాలి చిటికెనవేలు ముసలవ్వ లెక్క మంచిగ కుదిరింది.

ప్రశ్న పద్నాలుగు: మోకాళ్ళ నొప్పి ఉన్నదా?
ఉన్నది అంటే ఇంకో నాలుగు పేజీలు,
ఎప్పటిసంది, కూసుంటెనా, లేస్తెనా,
ఏ బోరింగు, దినాం ఎన్ని బిందెలు.
లేదు అంటే నేరుగ పంతొమ్మిదికి దుంకొచ్చు.
రాత్రి ఒంటిగంట. కరెంటు లేదు. మైనపొత్తి సగం.
లేదు.
లేదు.
లేదు.
నడుమ నడుమ ఒక ఉన్నది,
అబద్ధం మరీ నున్నగుంటె అనుమానమొస్తదని.

ఇంత శుభ్రమైన లెక్క అడివి దిక్కుకెళ్ళి ఎన్నడు రాలేదని
మేడం చాయ్ తాపింది.

నా తర్వాత అందరు నిజాయితీగనే పనిచేసిండ్రు.
కూడినోళ్ళు సరిగనే కూడిండ్రు.
పరీక్షించిన పండితులిద్దరు కామాలు దిద్దిండ్రు.
అచ్చయిన కాగితంల బోరగూడెం పక్కన ఒక అంకె,
అంకె నెత్తిన చిన్న చుక్క.
చుక్క ఉంటె నమ్మొచ్చని అర్థమట.
ఆఖరు పేజీల కృతజ్ఞతలు: డి. పోచన్.
నేను దుర్గం పోశం.

నీళ్ళ ఫిల్టరు వేరే ఊరికి పోయింది.
బోరగూడానికి అక్కెర లేదని ఫైలుల రాసి
కింద రుజువుగ ఆ కాగితం నంబరే వేసిండ్రు.

తిలాపాపం తలా పిడికెడంటరు.
ముద్రలన్ని నా రెండు పిడికిళ్ళల్లనే ఉండె.

ఆరేండ్లకు ఉత్తరం రాసిన, ఆ కాగితం అచ్చేసినోళ్ళకు.
మనుషులు లేరు, వేళ్ళు నావి,
దాన్ని వాపస్ తీసుకోండ్రని.
జవాబు మర్యాదగనే వచ్చింది:
మీరు రచయితల పట్టికలో లేరు,
ఉపసంహరణ కోరే హక్కు రచయితలదే,
మీ ఆసక్తికి ధన్యవాదాలు.
మేడం ఫోను ఎత్తలే. తర్వాత
నంబరే లేదన్నది ఫోను.

పోయిన ఎండకాలం వాగుల ఇసుకనే ఉండె.
ఇంత చిన్నదా అనుకుంట నడిచి దాటిన.
మొదటి ఇంట్ల జిమ్మె తలాండి.
లేవడానికి గోడ పట్టుకుంది, గోడ సాలక
నా భుజం పట్టుకుంది.
ఏదో అడిగింది. ఆమె మాడియా నాకు సగమే సమజైంది,
నా తెలుగు ఆమెకు అంత కూడ కాలే.
సంచిల కొత్త ఫారాలు, ప్యాడు.
తియ్యలే.
ఎండన పడి వచ్చినోనికి ఎవరన్న ముందు ఇచ్చేది నీళ్ళే కద.
వంకర కాళ్ళతోని పోయి బోరింగు కొట్టి చెంబు తెచ్చింది.
చల్లగున్నయి. తియ్యగున్నయి.
ఆ తీపికే నాకు గుండె జారింది.
అయినా అడుగుదాంక తాగి చెంబు చేతికిచ్చిన.
దాని మీద నా వేళ్ళ తడి,
ఐదే.