నీడ లేని చోటు

సోలారు దరఖాస్తులో ఏడో గడి:
"నీడ పడని చోటు ఎన్ని చదరపు అడుగులు?"
నవ్వొచ్చింది.
చిట్టినగర్ కొండమీద, సొరంగం నెత్తిన,
నూట ఎనభై ఆరు మెట్లెక్కాక మా ఇల్లు.
రోహిణి కార్తెలో రెండింటికి
గీత గీసే మైనం సుద్ద వేళ్ళమధ్యే కరుగుతుంది.
ముప్పై ఏళ్ళుగా నేను వెతుక్కున్నది
ఆ గడిలో రాయక్కర్లేని దాన్నే.

"మొత్తం" అని రాశాను.
అంకె వెయ్యాలమ్మా అని
ఫారం వెనక్కిచ్చాడు కౌంటరు కుర్రాడు.
జాకెట్లు కొలిచే టేపుతోనే శ్లాబు కొలిచాను.
రెండొందల పది.
అలవాటు కొద్దీ అరంగుళం వదులు వేశాను.

తర్వాత కాగితాలు.
కరెంటు బిల్లు ఇంకా మా ఆయన పేరునే వస్తోంది.
పోయి ఆరేళ్ళు.
పేరు మార్చాలంటే మరణ ధృవీకరణ,
మరణానికి ఆధార్,
ఆధార్‌లో ఆయన సైదావలి,
బిల్లులో దూదేకుల సైదులు,
ఇద్దరూ ఒకడేనని నోటరీ ముందు
నేను ప్రమాణం చెయ్యాలి.
చేశాను. కాపురంలో అప్పుడప్పుడూ
నాకూ ఆ అనుమానం ఉండేదని మాత్రం చెప్పలేదు.

పట్టా ఉందా అన్నారు.
కొండకి పట్టా ఎవరిచ్చారండీ అన్నాను.
ఇంటిపన్ను రసీదులు ఇరవై రెండు,
రబ్బరు బ్యాండు తెగి గదంతా ఎగిరాయి.
ఏఈ మేడం ఫ్యాను ఆపి, వంగి ఏరింది.
ఆమె నుదుట చెమట చూశాక
నాకు కోపం పోయింది.

లైన్‌మన్ జోజిబాబు తనిఖీకి వచ్చాడు.
నూరో మెట్టు దగ్గర కూర్చుని నీళ్ళడిగాడు.
నూటయాభై దగ్గర ప్రభువుని తలుచుకున్నాడు.
శ్లాబెక్కి అటూ ఇటూ చూసి,
"ఇది నీ పైకప్పా, వాళ్ళ వాకిలా?"

అక్కడ పట్టుకున్నాడు.

కొండమీద ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడతాయి.
నా శ్లాబు చివర పోలమ్మ గడప.
ఆమె ముగ్గు వేసేది నా నెత్తిమీద.
మిరపకాయలు ఆరేసేది, మనవడికి నీళ్ళు పోసేది,
వేసవి రాత్రుళ్ళు నులకమంచం వేసేది అక్కడే.
శ్రీకాకుళం నుంచి మూటలు మొయ్యడానికొచ్చిన మనిషి,
ఒకర్ని అడిగి ఎరగదు.

"పైవాళ్ళ సంతకం తెండి" అన్నాడు జోజిబాబు.
పైవాళ్ళంటే డిపార్టుమెంటులో ఒక అర్థం,
మా కొండమీద ఇంకోటి.

ఆ సాయంత్రం కాగితం పట్టుకుని
నా ఇంటి కప్పుమీదికి నేనే చుట్టంలా వెళ్ళాను.
పోలమ్మ చేపలు తోముతోంది.
"ఏటే నాగూర్‌బీ, నా వాకిట్ల అద్దాలు పరుత్తావా?
మరి నానెక్కడ తొంగోవాల?"
సబ్సిడీ గురించి చెప్పాను. బిల్లు గురించి చెప్పాను.
చేప పొలుసొకటి కాగితం మీద పడి
చిన్న పలకలా మెరిసింది.

చాలాసేపటికి ఆమె లేచి నిలబడి
చెయ్యి నెత్తిమీదికెత్తి చూపించింది:
"ఈ ఎత్తున కాళ్ళెట్టు. కింద నీడ నాది."

పొడుగు కాళ్ళకి పన్నెండు వేలు ఎక్కువ.
పెళ్ళిళ్ళ సీజను జాకెట్లన్నీ ఆ కాళ్ళకే పోయాయి.
వేలిముద్రలో సిరాకంటే ముందు
చేపనెత్తురు అంటుకుంది;
కొత్త కాగితం మీద మళ్ళీ వేయించాను.
ఆరు పలకలూ మోసింది పోలమ్మ కొడుకే,
మెట్టుకింతని బేరమాడి.

రెండువైపులా తిరిగే మీటరు మాత్రం రాలేదు.
స్టాకు లేదు, వచ్చే సోమవారం అంటారు.
ఏ సోమవారమో చెప్పరు.
అందాకా స్విచ్చి వెయ్యకూడదట.
ఎండంతా పలకల్లోకి దిగి
ఎటు పోవాలో తెలీక అక్కడే కూర్చుంటోంది.

కింద పోలమ్మ మంచం వేసింది.
మనవడు, రెండు కోళ్ళు, మెట్లెక్కి అలిసిన గ్యాసు కుర్రాడు,
నిన్న జోజిబాబు కూడా, బూట్లు విప్పి.
మధ్యాహ్నం మిషను ఆపి నేనూ పోతున్నాను.
"జరగండ్రా, ఇంటిగలామె వచ్చినాది" అంటుంది,
కాలు చాపుకునేంత చోటు చూపించి.