నలభై

రాత్రి రెండున్నర.
ఎల్ ఆల్తోలో నీళ్ళ గొట్టాలు బిగుసుకుపోయే వేళ
మంచుముక్కల గిన్నెలో సిరంజి పెట్టుకుని
నర్సు ఫెలీసా మెట్లు దిగి వస్తుంది.
మణికట్టు ధమనిలోంచి తీసిన రక్తం,
రెండు మిల్లీలీటర్లు కూడా లేదు.
ఆలస్యమైతే రక్తం అబద్ధమాడుతుంది.
అందుకే పేరైనా చదవకుండా
యంత్రం నోటికి అందిస్తాను.

తొంభై సెకన్లు.
ఆ కాసేపూ నేనేమీ ఆలోచించనంటే
నమ్మకండి.

పన్నెండో మంచం. ఇలారియో చుర్కి.
మినీబస్సు తలుపుకి వేలాడుతూ
స్టాపుల పేర్లన్నీ ఒక్క గుక్కలో అరిచేవాడట.
ఇప్పుడు తన పేరుకే రెండుసార్లు ఆగుతున్నాడు.

సోమవారం అతని రక్తం క్షారం వైపు ఒరిగింది,
ఏడు పాయింట్ ఐదు ఒకటి.
వైరస్ ఊపిరితిత్తుల్ని తడిపేస్తుంటే
గాలి కోసం ఎగరొప్పి ఎగరొప్పి
బొగ్గుపులుసు వాయువునంతా బయటికి తోసేశాడు.
ఇరవై రెండే మిగిలింది.
వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు.
చలేమో అనుకుని వాళ్ళావిడ
ఉన్ని చేతితొడుగులు పంపింది.

యంత్రం కాగితం నాలుక చాపింది.
ఏడు పాయింట్ రెండు ఎనిమిది.
బైకార్బనేట్ పద్దెనిమిది, పక్కన కిందికి బాణం.
బొగ్గుపులుసు నలభై.
నలభై పక్కన
ఏ బాణమూ లేదు.

ఫోన్లో డాక్టర్ అరియెల్, పల్లపు సీమవాడు,
మా కొండమీద అతనికిది మొదటి చలికాలం.
"నలభై మామూలేగా. తగ్గింది బైకార్బనేట్.
సోడా ఎక్కిద్దాం, మూత్రపిండాల సంగతి పొద్దున చూద్దాం."

ఈ యంత్రాన్ని సముద్రం పక్కన ఎవరో చేశారు.
దానికి మా ఎత్తు తెలీదు.
ఇక్కడ పుట్టినవాళ్ళం ఓ పిసరు ఎక్కువే ఊపిరి తీస్తాం,
మా మామూలు ఇరవై ఎనిమిది.
దానికి తగ్గట్టు మూత్రపిండాలు
క్షారాన్ని కొంచెం కొంచెంగా వదులుకుంటాయి,
ఎవరూ సంతకం పెట్టని బేరం.

మా అవ్వ కోకా ఆకు నమిలేటప్పుడు
బూడిద ముద్దను గోటితో గిల్లి కలిపేది.
ఎంతని అడిగితే చెప్పేది కాదు.
ఎక్కువైతే నోరు కాలేది,
తక్కువైతే ఆకు పలికేది కాదు.

"డాక్టర్, ఆ పద్దెనిమిది ఇతని సొంత ఊరు.
నలభయ్యే పరాయిది.
నలభై అంటే మనిషి అలిసిపోతున్నాడు."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.
ఫోను పెట్టెయ్యడం మర్చిపోయాడు.
అతని పరుగు చాలాసేపు వినబడింది నాకు.

అయిదింటికి మళ్ళీ సిరంజి.
ముప్పై మూడు. ఏడు పాయింట్ మూడు ఆరు.
ఆ ఊపిరి ఇలారియోది కాదు,
గొంతులో గొట్టం పెట్టి వెంటిలేటర్ అప్పిచ్చింది.
తీర్చుకుంటాడో లేదో
నా కాగితం చెప్పదు.

ప్లాస్టర్ ముక్క చింపి, దానిమీద 28 అని రాసి
యంత్రం నుదుట అంటించాను.
సూపర్వైజర్ చూస్తే పీకేస్తాడు.

బయట మొదటి మినీబస్సు.
తలుపుకి వేలాడుతూ ఎవడో కుర్రాడు
స్టాపుల పేర్లన్నీ
ఒక్క గుక్కలో.