కొసరు

ముప్ఫై మూడేళ్ళు నేను
తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని, ప్రభువా.
నీకు తెలిసిన సంగతే.
అయినా మొదటినుంచీ చెప్పాలి,
లెక్క అప్పగించేవాడికి అది మర్యాద.

నీలం మఖమల్ పెట్టెలో ఇత్తడి రాళ్ళు మోసుకుని
మోండా మార్కెట్లో నేను దిగితే
గడియార స్తంభం దాకా కబురు పోయేది.
త్రాసు పళ్ళేల కింద అంటించిన చింతపండు ముద్దలు
గబగబా ఊడి మురిక్కాలవలో పడేవి.
నా చెప్పుల చప్పుడుకి ఒక్క పూటైనా
బజారంతా నీతిగా బతికేది.

ఆదివారం చిలకలగూడ మందిరంలో
దొంగ త్రాసంటే నీకు అసహ్యమని పాస్టరు గారు చదివినప్పుడు
ముందు బెంచీలో కాస్త నిటారుగా కూర్చునేవాణ్ణి,
నా శాఖ గురించే నువ్వు మాట్లాడినట్టు.

చంద్రవ్వ గుర్తుందా నీకు?
ఎంత మాట. ఆ ప్రశ్న నువ్వు నన్నడగాలి.
చింతచిగురూ గంగవాయిలి కూరా గోనెపట్టా మీద పోసుకుని
కిలోకి ఒక నల్లరాయి పెట్టి తూచేది.
ముద్ర లేదు, అంకె లేదు.
ఉత్త రాయి. చేతులు తగిలి తగిలి నున్నబడ్డది.
"మా అత్తది సారూ గది. గా రాయితోనే నలుగురు పిల్లల్ని సాదిన.
తప్పయితె నువ్వే తూసి జెప్పు" అంది.
నేను తూచలేదు.
రసీదు రాసి, రాయి సంచిలో వేసుకున్నాను.
జరిమానా నూటయాభై.
కొంగుముడి విప్పి ఆమె చిల్లర లెక్కపెడుతుంటే
వాచీ చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే
పప్పుల దుకాణం వైకుంఠం సేటు కాటాకి
సీసం ముద్ర కొట్టాను.
కిలోకి నలభై గ్రాములు తరుగు.
దాన్ని మాత్రం తూచాను.
డిసెంబరు నెల. కౌంటరు మీంచి ఒక పొట్లం జరిగొచ్చింది,
కిస్‌మిస్, జీడిపప్పు, ఎర్ర చెర్రీలు.
కరుణావతి కేకు చేసింది.
సంఘమంతా తిని మెచ్చుకుంది.
నేనూ రెండు ముక్కలు తిన్నాను.

రిటైరైన రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే
అడుగున తగిలింది రాయి.
ఎందుకో మఖమల్ పెట్టె తెరిచాను.
ఒక కిలో.
ఆపైన ముప్ఫై గ్రాములు.
ఇంకోసారి తూచాను.
ఆమె మోసం చేస్తూనే ఉంది ప్రభువా,
అన్నేళ్ళూ, తనని తాను.

మా రిజిస్టర్లో తరుగుకి గడి ఉంది.
ఎక్కువ ఇచ్చినవాళ్ళకి గడి లేదు.

రెండేళ్ళు దాన్ని టీవీ వెనక దాచాను.
రాత్రిళ్ళు కన్ను మూస్తే త్రాసు.
ఒక పళ్ళెంలో ఆ నల్లరాయి.
రెండోదాంట్లో నేనెక్కి కూర్చుంటాను,
టై కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని,
దశమభాగం రసీదులు జేబుల్లో కుక్కుకుని.
ముల్లు కదలదు.

నిన్న మార్కెట్‌కి వెళ్ళాను.
చంద్రవ్వ పోయి ఆరేళ్ళట.
మనవరాలు కూర్చుంది బ్యాటరీ కాటా ముందర.
చెప్పాలనుకున్నది పొడుగ్గా ఉంది, నోట్లో అడ్డం పడింది.
"మీ నాయనమ్మది" అని రాయి చేతికిచ్చాను.
అటూ ఇటూ తిప్పి చూసి
గాలికి లేస్తున్న పట్టా మూల మీద పెట్టింది.
"నాదే తప్పమ్మా" అన్నాను.
ఆటో హారన్లో వినపడిందో లేదో.
"ఏం గావాలె తాతా?"
పావుకిలో చింతచిగురు.

ఎర్ర అంకెలు రెండువందల యాభై దగ్గర ఆగాయి.
చట్టం ప్రకారం అక్కడితో సరి.
ఆ పిల్ల
కాటా వంక చూడకుండానే
ఇంకో గుప్పెడు తీసి సంచిలో వేసింది.

ప్రభువా,
తూచొద్దని అడగను.
ముద్రలు కొట్టి బతికినవాణ్ణి, ఆ మాట నా నోట రాదు.
తూచు.
నలభై గ్రాముల దగ్గర ఆగు.
ఆ కొంగుముడి దగ్గర ఇంకాసేపు ఆగు.
కేకు ముక్కలు కూడా మర్చిపోకు.
అంతా అయ్యాక,
ముల్లు ఎక్కడుందో అక్కడే ఉండగా,
నీ గుప్పిట్లో ఏమైనా మిగిలితే

సంచి మూతి తెరిచి పట్టుకునే ఉన్నాను.