కొవ్వొత్తి డబ్బా

నడుములోంచి తీసిన నీళ్లు
బియ్యం కడుగు లెక్క మసకగ ఉన్నయి.
సీసా మీద: కుర్మ బీరప్ప, ఏడేండ్లు, మక్తల్ దిక్కు.

గొర్రె నెత్తురు కలిపిన ప్లేటు మీద
ఆ చుక్క పరిచి, డబ్బాల పెట్టి
కొవ్వొత్తి ముట్టించి మూత బిగించిన.
ఉన్న గాలి తిని అది ఆరిపోతది.
మిగిలిన ఆ గాలిల్నే ఈ పురుగు
కుదురుగ పెరుగుతది.

ఒక రాత్రి పెరగనీకె.
మందు బిళ్లలు పెట్టి ఇంకో రాత్రి.
వార్డుల అంచనా మీద రెండు మందులు ఎక్కిస్తున్నరు.

కిటికీ కాడ వాళ్ల నాయిన.
మొన్న చెవినొప్పికి ఆరెంపీ ఇచ్చిన గోలీలు
రెండు రోజులేసి, తగ్గిందని ఆపి,
మిగిలినయి గొర్లకు నూరి పోసిండట.
నేను అడగలే, తనే చెప్పిండు,
తప్పు ఒప్పుకున్నట్టు కాదు,
లెక్క అప్పజెప్పినట్టు.

పొద్దుగాల స్కేలు పట్టిన.
మొదటి బిళ్లను ఆనుకొని గరిక లెక్క మొలిచింది.
రెండోదానికీ జాగ ఇయ్యలే.
మూడోదాని చుట్టు మాత్రం
మంద మేసిపోయిన చెల్క,
గుండ్రంగ, నల్లెర్రగ.
ఇరవై మిల్లీమీటర్లు.
మల్ల కొలిచిన. ఇరవై.

పాలమూరు దవాఖానల వార్డు ఫోన్ మోగుతనే ఉంది, ఎత్తరు.
కాయితం పట్టుకొని మెట్లెక్కుతున్న.
కిటికీ కాడికెల్లి
ఎప్పుడు లేచిపోయిండో ఆయన.