పదకొండు నిమిషాలు

వాసుపల్లి నూకరత్నం, జెర్సీ ఇరవై రెండు,
రెండో గోలీని.
సీజనంతా బెంచీ మీదే.

పోర్టు వైపు గాలి మళ్ళితే
తెల్ల గీతల మీద నల్లటి దుమ్ము.
మ్యాచ్ అయ్యాక మోకాళ్ళు కడిగితే
బకెట్ నిండా హార్బరే.

పాంగి సొన్నారిది అరకు అవతల.
బంతితో కొండ దిగినట్టే దిగేది,
ఏ డిఫెండరూ ఆపలేదు.
ఫిబ్రవరిలో తన మోకాలే ఆపింది.

నాలుగు గెలిచాం. ఏడు ఓడాం.
జీతమా, తుఫాను కబురులా
వస్తోంది వస్తోంది అన్నారు రెండు నెలలు.
బస్సులో కిటికీ సీటు మాత్రం ఎప్పుడూ నాదే,
అలిసిపోని వాళ్ళకి ఎలాగూ నిద్ర రాదు కదా.

ఆఖరి మ్యాచ్, డెబ్బై తొమ్మిదో నిమిషం.
మా గోలీ వేలు విరిగింది.
కోచ్ నా వైపు చూశాడు,
వల విసిరే ముందు మా అయ్య నీళ్ళని చూసినట్టు.

అప్పటికే మూడు గోల్స్ వెనక.
ఒక్క బంతే వచ్చింది నా దాకా, తడిసి, బరువుగా.
పట్టాను.
రిఫరీ ఈల వేసి అరిచేదాకా వదల్లేదు.

జాలారిపేటలో చేపలు తిరగేస్తూ అమ్మ,
"గెలిసీసినారేటే?"
"ఓడిపోనాం."
"మరి ఆ నవ్వేటే?"

చేతులు చాపాను.
ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.