అతుకుల రోలరు

విమానం పొట్టలో ముక్కలై వచ్చింది.
గ్యాసు మంటతో కోసిన ఇనుము,
సుద్దతో అంకెలేసిన ఎముకలు.
బెర్లిన్ ఇసుకలో మళ్ళీ అతికారు.

అతుకు ఉబ్బుగా మిగిలిపోయింది.
చక్రం తిరిగిన ప్రతిసారీ నేల మీద ఒక గీత,
కుట్లు విప్పిన చోటులా.

ఇర్మ్‌ట్రౌట్‌ది రెండో షిఫ్టు.
గంటకింత కూలి, ఒక పూట వేడన్నం.
తట్టలో ఎవరి గోడలో, ఎవరి పొయ్యిరాళ్ళో.
ఇవాళ ఎనామెల్ బిళ్ళ ఒకటి బయటపడింది:
ఇంటి నెంబరు పదిహేడు.

డ్రైవరు ఇంజను ఆపాడు.
"మీదేనా?"

ఆమె బిళ్ళ మీది సున్నం తుడిచి
కంకరలో బోర్లా పెట్టింది.
"మా ఎదురింటిది. పోనియ్.
ఏనాడూ చిటికెడు ఉప్పు బదులిచ్చిన పాపాన పోలేదు."

రోలరు కదిలింది.
పైన బొగ్గు విమానం ఇంకా తిరుగుతోంది,
దిగడానికి చోటు లేక.